నొప్పి లేని జబ్బును కొలిచి తెలుసుకొందము



“ఆయనకు ఏ రోగమూ లేదు, ఉన్నట్టుండి పడిపోయాడు” అనే మాట ఇడపనూరులోను, చుట్టుప్రక్కల గ్రామాలలోను మనము తరచుగా వింటాము. ఈ పాఠములో ఆ మాటనే పరిశీలింతము. గుండెపోటు, పక్షవాతము ఉన్నట్టుండి వచ్చినట్లు కనబడును గాని, చాలామందిలో వాటి వెనుక ఏండ్ల తరబడి అధిక రక్తపోటో, చక్కెర వ్యాధియో, పొగాకో ఉండును. బి.పి. ఎక్కువైనా చాలామందికి నొప్పి ఉండదు. కాలువలో నీటి ఒత్తిడికి గట్టు లోలోపల బలహీనపడినట్లే రక్తనాళములు దెబ్బతినును. గట్టు తెగకముందే చూచుకొనువాడు తెలివైన రైతు.

1. ఇది పట్నపు జబ్బు కాదు

“కష్టపడి పనిచేసే మాకు రాదు” అని కొందరు అనుకొంటారు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో సంభవించిన 1354 మరణాలను పరిశీలించగా, దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళముల జబ్బుల వలననే అని తేలింది. తుంగభద్ర కాలువల క్రింద సేద్యము చేయుటకు రాయచూరు జిల్లాకు వచ్చిన తెలుగు కుటుంబాలలో అనేకము కోస్తా జిల్లాలవే. ఊరు మారినంతనే ఉప్పు, ఊరగాయల అలవాటు మారదు.

2. ఏమి పరీక్ష చేయించుకోవాలి?

30 సంవత్సరాలు దాటిన ప్రతివారు బి.పి., షుగరు పరీక్షలు చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇవి ఉచితము. పరీక్షకు ముందు అరగంట కాఫీ, టీ, పొగాకు మాని, 5 నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలి. వేర్వేరు రోజులలో కొలిచినా 140/90 లేక అంతకు మించి ఉంటే వైద్యుని సలహా తీసుకోవాలి. మందు మొదలుపెట్టిన తరువాత “ఇప్పుడు బాగానే ఉంది” అని మానరాదు. బాగుండుట ఆ మందు వలననే.

3. మార్చుకోవలసిన అలవాట్లు

రోజుకు ఒకరికి 5 గ్రాముల ఉప్పు, అనగా ఒక టీ చెంచాడు, మించరాదు. ఊరగాయ, అప్పడము, కారంపొడి, మిర్చి బజ్జీలలోని ఉప్పు కూడా అందులో లెక్కే. బీడీ, సిగరెట్టు, గుట్కా, ఖైనీ, మద్యము పూర్తిగా విడువవలెను. వారములో 5 రోజులు అరగంట చొప్పున చురుకుగా నడవవలెను. జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పు మనకు అందుబాటులో ఉన్న మంచి ఆహారము. సంఘపు విందులలో విస్తరికి ఊరగాయ తప్పనిసరి కానక్కరలేదు.

4. ఆపద వచ్చినప్పుడు

ఛాతీలో బిగువు, చెమటలు, ఎడమచేతికో దవడకో ప్రాకే నొప్పి వచ్చినయెడల, గ్యాస్ అనుకొని సోడా త్రాగి పడుకొనరాదు. సినీనటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న గుండె ఆగి మరణించినప్పుడు ఆయన వయస్సు 46 మాత్రమే. ఆయన పేరిట కర్ణాటక ప్రభుత్వము పెట్టిన హృదయ జ్యోతి పథకములో, తాలూకా ఆసుపత్రులలో ఇ.సి.జి. తీసి, అవసరమైనవారికి రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను ఉచితముగా ఇస్తారు.

మూతి వంకరపోవుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట పక్షవాతపు గుర్తులు. అవి మొదలైన సమయము గుర్తుంచుకొని వెంటనే 108కి ఫోను చేయాలి. గడ్డ వలన వచ్చిన పక్షవాతమునకు ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలెను. అంతకుముందే స్కానింగు కూడా జరుగవలెను. నాటుమందు కొరకు ఊళ్లు తిరిగినయెడల ఆ సమయము మరల రాదు.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఇంటిలో 30 దాటినవారెందరు? వారిలో ఈ సంవత్సరము బి.పి. చూపించుకొన్నవారెందరు?
2. మన ఇంటిలో నెలకు ఎన్ని కిలోల ఉప్పు ఖర్చగుచున్నది? తినేవారెందరు?
3. రాత్రివేళ ఆపద వచ్చినయెడల ఏ ఆసుపత్రికి, ఏ వాహనములో వెళ్లుదుము?

ఈ మూడింటికి జవాబులు ఒక కాగితముపై వ్రాసి, ఇంటిలో అందరికీ కనబడే చోట అంటించుదము.