చేపల వంశసంపద

హుస్నాబాదు 2016 వరకు కరీంనగరు జిల్లాలోనిది. నేడు సిద్ధిపేట జిల్లాలోనిది. అచ్చటి ఎల్లమ్మ చెరువు వంటి తెలంగాణపు చెరువులలో కొర్రమీను, రవ్వ, బొచ్చె కలసి పెరుగును. నీరు ఒకటియే అయినను వాని వంశచరిత్రలు వేరు.

కొర్రమీను చెరువులోనే గ్రుడ్లు పెట్టి, పిల్లలకు కావలి కాయును. రవ్వ, బొచ్చెలు నిలువనీట గ్రుడ్లు పెట్టవు; వానకాలమున పొంగి పారు నదులే వానికి పుట్టినిండ్లు. కావున పూర్వము నదులలో పిల్లలను పట్టి చెరువులలో వదలెడివారు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అను శాస్త్రజ్ఞులు చేపలకు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి, గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. నాటినుండి చేపపిల్లల ఉత్పత్తి కేంద్రములు వెలసినవి.

ఈ మేలుతోపాటు ఒక చిక్కును వచ్చెను. కొన్ని కేంద్రములు కొద్ది తల్లిచేపలనే ఉంచుకొని, వాని సంతతినే మరల జతపరచెను. ఒక్క జొన్నకంకినే విత్తనముగా దాచుకొన్న రైతు పొలమున ఆ కంకి బలముతోపాటు బలహీనతయు అంతట వ్యాపించును. చేపల విషయమును అట్టిదే. దగ్గర రక్తసంబంధము గలవాని సంతతిలో ఎదుగుదల తగ్గును. తెగులు వచ్చినచో తట్టుకొను చేపలు కరవగును.

వేర్వేరు నదుల చేపలు తరతరములు ఎడబాసి యుండుటచే వాని జన్యువులలో భేదము లేర్పడును. ఆ భేదములను పోల్చి, ఏ వంశము ఎంతకాలము వేరుగా నుండెనో శాస్త్రజ్ఞులు అంచనా వేయుదురు.

ఈ భేదమే సంపద. చలినీటి తీరదేశమైన నార్వేలో 1970వ దశకమున సుమారు 40 నదుల సాల్మన్ చేపలను సేకరించి మేలుజాతిని వృద్ధిచేసిరి. భువనేశ్వరములోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1992లో నార్వే శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో అట్టి కృషినే ఆరంభించెను. గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్ నదుల రవ్వలను తెచ్చి, త్వరగా పెరుగు వానిని తరతరమున ఎన్నుకొనిరి. 1997లో, స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సమయమున, ఆ జాతికి ‘జయంతి’ యని పేరిడిరి.

కొర్రమీనుకు అట్టి మహానదుల అండ లేదు. మన చెరువులు, కుంటలు, వాగులే దాని వంశభాండారములు. అది తెలంగాణ రాష్ట్రపు చేప. చెరువు పూడినచో మరల త్రవ్వవచ్చును. అందు అంతరించిన వంశమును మాత్రము ఎవ్వరును మరల సృష్టింపజాలరు.