చెట్టెక్కిన చీమ ఎక్కడ ఆగుతోంది?

వానలు ముదిరి నేల నీరు పట్టేస్తే చీమలు అరుగులెక్కుతాయి, చెట్లెక్కుతాయి. గుండుగొలను నుంచి కొల్లేరు వైపు పల్లంలో ఇది ఏటా ఉండే సంగతే, కంగారేం లేదు. నేల ఆరాక కూడా జామచెట్టు మొదట్లో బారు ఆగలేదంటే మాత్రం పైన వాటికి తిండి దొరుకుతున్నట్టే. ఆ తిండి సంగతి చూడకుండా చీమల మీద ఎంత మందు కొట్టినా బారు మళ్లీ కడుతుంది.

1. ముందు బారు వెంట పైకి చూడండి. చీమలు గుమిగూడిన చోట ఆకు తిప్పితే అసలు దొంగ దొరుకుతుంది. తెల్లటి పిండి పూసుకున్నది పిండినల్లి. లేత చిగురు కింద గుంపు కట్టినవి పేనుబంక. కొమ్మకు అతుక్కుని కదలనివి పొలుసు పురుగులు. ఇవన్నీ చెట్టు రసం పీల్చి తీపి జిగురు వదులుతాయి. ఆ జిగురు కోసం చీమలు వాటిని పాడిపశువుల్లా కాస్తాయి. వాటిని తినడానికొచ్చిన అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. ఆకుల మీద నల్లగా పేరుకునే మసి కూడా ఆ జిగురు మీద పెరిగే బూజే.

2. మందారం, జామ, సీతాఫలాలకు పిండినల్లి పడితే బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి సబ్బునీళ్ల బకెట్లో ముంచండి. మిగతా చెట్టును పైపుతో గట్టిగా కడగండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు వేసి, సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. వారానికి మరోసారి. పిండినల్లిలాగే తెల్లటి కుచ్చులతో ఉండి, దానికంటే పెద్దగా, చురుగ్గా నడిచే పురుగు కనిపిస్తే వదిలేయండి. అది ఒక రకం అక్షింతల పురుగు పిల్ల, పిండినల్లిని తినేదే.

3. మొదలుకు పట్టీ కట్టండి. జానెడు వెడల్పు పాలిథిన్ షీటు చుట్టి, పైనా కిందా పురికొసతో బిగించి, బెరడు పగుళ్లలో సందు లేకుండా బంకమట్టి మెత్తండి. గ్రీజు షీటు మీదే రాయాలి. బెరడుకే పూసేవాళ్లున్నారు, లేత చెట్లకు అది చేటు. దుమ్ము పట్టి గ్రీజు ఎండితే తుడిచి మళ్లీ రాయండి. మాను లావెక్కేకొద్దీ కట్టు వదులు చేయడం మరవద్దు.

4. పట్టీ కట్టినా చీమలు పైకి చేరుతున్నాయా? గోడకు ఆనుకున్న కొమ్మ, బట్టలారేసే తీగ, కేబుల్ వైరు చూడండి. దారి అక్కడుంటుంది.

5. పుట్ట దొరక్కపోతే ఎర పెట్టండి. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ 1 గ్రాము, పంచదార 10 గ్రాములు, గోరువెచ్చని నీళ్లు 100 మిల్లీలీటర్లు. దూది ముంచి, వాన తగలకుండా, బారు పక్కన పెట్టండి. పౌడర్ ఎక్కువ వేస్తే తొందరగా చస్తాయనుకోవద్దు. తిన్న చీమ దారిలోనే పడిపోతే పుట్టలోకి మందు చేరదు. పిల్లలకు, కోళ్లకు, కుక్కలకు అందనివ్వకండి.

6. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమల లెక్క వేరు. కుడితే మంటే, కాదనను. కానీ ఇవి వేటగాళ్లు: చెట్టు మీది పురుగుల్ని పట్టి మోసుకుపోతాయి. చైనాలో నారింజ తోటల కోసం వీటి గూళ్లను సంతలో అమ్మేవారని క్రీ.శ. 304 నాటిదని చెప్పే గ్రంథంలో ఉంది. మన పొరుగున ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో వీటితో పచ్చడే నూరతారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇవీ పిండినల్లిని కాస్తాయి కాబట్టి పూర్తిగా మంచివని చెప్పలేం. నా మాటకైతే, పెరటి చివర మామిడి మీద ఉండనివ్వండి, కాయ కోతకు ముందు చూసుకోండి. పిల్లలెక్కే జామ మీద వద్దు. తెల్లవారుజామున, చీమలు గూట్లో ఉండగానే, కొమ్మతో సహా గోనెసంచిలోకి కోసి సబ్బునీళ్లలో ముంచండి. కిరసనాయిలు పోసి అంటించడం మాత్రం మానండి, చెట్టు కాలుతుంది.

7. కొబ్బరి కింద మొక్కలన్నీ జిగురై, నల్లబడి, చీమలు పట్టాయంటే పైన మట్టల అడుగున చూడండి: సర్పిలాకార తెల్లదోమ. ఇది 2016లో మన దేశంలో బయటపడింది. దోమను తినే మిత్ర పురుగులుంటాయి కనుక ఘాటు మందులొద్దు. మసి పట్టిన ఆకులకు పలచని గంజి కొడితే ఎండాక పెచ్చులుగా రాలుతుంది.

8. బీర, అలసంద పాదుల మీద తిరిగే చీమల్ని పట్టించుకోకండి. పూలే కాక వాటి ఆకులు, కాడలు కూడా తీపి ఊరుస్తాయి.

9. మాను మీద మట్టి గొట్టాలుంటే అవి చెదలు. పైన చెప్పిన ఎర వాటికి పనికిరాదు. మట్టి గీకేసి, ఎండుకొమ్మలు తీసేయండి.

10. చీమల సుద్ద, చీమల పొడి గడప దగ్గరే ఉంచండి, కాయల చెట్టుకు వద్దు. వీటిలో చాలావాటిలో పైరెథ్రాయిడ్ మందులుంటాయి. చేపకు, రొయ్యకు అవి చాలా కొద్ది మోతాదులోనే ప్రాణం తీస్తాయి. గట్టు మీది కొబ్బరికి, చెరువు పక్క పెరట్లకు అసలే తగవు. వేపనూనె కొట్టిన డబ్బా అయినా సరే, చెరువులో కడగకండి. ఆ నీళ్లు గట్టుకు దూరంగా, నేలలో ఇంకేచోట పోయండి.