ఆందోళన తగ్గించే మాత్రలు జ్ఞాపకాన్ని ఎలా మారుస్తాయి?

ఎండోస్కోపీకి ముందు చాలామందికి మిడజోలామ్ అనే మందును నరానికి ఎక్కిస్తారు. ఆ సమయంలో రోగి డాక్టరు చెప్పినట్టు పక్కకు తిరుగుతాడు, అడిగితే బదులిస్తాడు. తర్వాత మాత్రం వాటిలో చాలావరకు గుర్తుండవు. అక్కడ ఆ మరుపు రోగికి మేలే. అదే కుటుంబానికి చెందిన మాత్రలను నెలల తరబడి వాడితే ఆ మరుపే చిక్కు తెచ్చిపెడుతుంది.

ఈ మందులను బెంజోడయజిపైన్లు అంటారు. వీటిలో మొదటిదైన క్లోర్‌డయాజెపాక్సైడ్ 1960లో, డయాజిపామ్ 1963లో వాడుకలోకి వచ్చాయి. మన దగ్గర ఆందోళనకు, నిద్రలేమికి డాక్టర్లు రాసే ఆల్ప్రజోలామ్, క్లోనాజిపామ్, లోరాజిపామ్ కూడా ఈ కోవలోవే.

మెదడులో ఏం జరుగుతుంది?

నాడీకణాల జోరును తగ్గించడానికి మెదడులో గాబా అనే సహజ రసాయనం ఉంది. అది తన గ్రాహకానికి అతుక్కోగానే ఒక ద్వారం తెరుచుకుంటుంది. రుణావేశం గల క్లోరైడ్ అయాన్లు కణంలోకి చేరి దాన్ని శాంతపరుస్తాయి. బెంజోడయజిపైన్లు అదే గ్రాహకంపై మరోచోట అతుక్కుని, ఆ ద్వారం మరింత తరచుగా తెరుచుకునేలా చేస్తాయి. దీంతో భయానికి కేంద్రమైన అమిగ్డలా నెమ్మదిస్తుంది. అయితే ఇలాంటి గ్రాహకాలు కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లోనూ ఉన్నాయి. మందు అక్కడా పనిచేస్తుంది.

ఏది మరుస్తాం?

చిన్ననాటి సంగతులు, నేర్చుకున్న చదువు చెరిగిపోవు. మాత్ర వేసుకున్నాక కొన్ని గంటల్లో జరిగినవే సరిగా నమోదు కావు. రాత్రి ఫోన్లో మాట్లాడిన విషయం ఉదయానికి గుర్తుండకపోవచ్చు. మాత్ర వేసుకున్న సంగతే మరచి మళ్లీ వేసుకునే ప్రమాదమూ ఉంది. ఏకాగ్రత, స్పందించే వేగం కూడా తగ్గుతాయి కాబట్టి వాహనం నడపడం క్షేమం కాదు. మద్యం తోడైతే శ్వాస మందగించి ప్రాణాపాయం కలగవచ్చు.

వృద్ధులలో ఎక్కువ జాగ్రత్త

వయసు పెరిగేకొద్దీ డయాజిపామ్ వంటి మందులు శరీరం నుంచి నెమ్మదిగా బయటకు పోతాయి. తికమక, తూలిపడటం, ఎముకలు విరగడం పెరుగుతాయి. ఇంట్లో పెద్దవారికి మతిమరుపు మొదలైతే, అది వయసు ప్రభావమేనని అనుకునే ముందు వారు వాడే మాత్రల చీటీని డాక్టరుకు చూపించాలి. ఈ మందులు డిమెన్షియాకు దారితీస్తాయా అన్నది ఇంకా తేలలేదు. కొన్ని అధ్యయనాల్లో సంబంధం కనిపించింది, మరికొన్నింటిలో కనిపించలేదు. నిద్రలేమి, ఆందోళన డిమెన్షియాకు తొలి లక్షణాలు కూడా కావచ్చు. అప్పుడు జబ్బు ముందు మొదలై, మాత్ర తర్వాత వచ్చినట్టవుతుంది.

మానాలంటే?

భయపడి ఒక్కసారిగా ఆపేయకూడదు. చాలాకాలం వాడినవారు అలా ఆపితే తీవ్రమైన ఆందోళన, ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మోతాదును కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. అలా మానినవారిలో జ్ఞాపకశక్తి సాధారణంగా మెరుగుపడుతుంది, కాకపోతే కొంత సమయం పడుతుంది.

ఆందోళనకు వాడే మందులన్నీ ఇలాంటివి కావు. ఎస్సిటలోప్రామ్ వంటివి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కానీ, ఈ తరహా మరుపును సాధారణంగా కలిగించవు. తీవ్రమైన ఆందోళన కూడా ఏకాగ్రతను దెబ్బతీస్తుందన్నది మరవకూడదు. అందుకే చికిత్స మానడం కన్నా, ఏ మందు, ఎంతకాలం అని డాక్టరును అడగడం మేలు.