సీడీఎల్ చదువుతున్నారా? ముందు గాలి లెక్క తెలియాలి

అమెరికాలో గ్రీన్ కార్డు ఉండి, కంప్యూటర్ ఉద్యోగం వదిలి ట్రక్కు స్టీరింగ్ పట్టుకుందామనుకునేవాళ్ళు మొదట అడిగేది, ‘అంత పొడుగు బండిని వెనక్కి ఎలా తీస్తారండీ?’ అని. అది సాధన చేస్తే వస్తుంది. నన్నడిగితే అంతకంటే ముందు భయపడాల్సింది బండి కదలకముందే జరిగే బ్రేకు తనిఖీకి. అక్కడ తప్పితే సాధారణంగా ఆ రోజుకు రోడ్డు టెస్టు ఉండదు.

సీడీఎల్, అంటే కమర్షియల్ డ్రైవర్ లైసెన్సు, వచ్చే దారి సంగతి క్లుప్తంగా చెబుతాను. పర్మిట్ కోసం రాసే పరీక్షల్లో జనరల్ నాలెడ్జితో పాటు ఎయిర్ బ్రేకుల పేపరు ఉంటుంది. క్లాస్ ఎ అయితే ట్రెయిలరు బండ్ల పేపరు కూడా రాయాలి. పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు ఆగితేగానీ నడిపే పరీక్షకు పిలవరు. 2022 ఫిబ్రవరి 7 నుంచి, మొదటిసారి ఈ లైసెన్సు తీసుకునేవాళ్ళు ఫెడరల్ రిజిస్ట్రీలో ఉన్న సంస్థలోనే శిక్షణ పొందాలి. 18 ఏళ్ళు నిండితే సొంత రాష్ట్రంలో నడపవచ్చు, రాష్ట్రం దాటాలంటే 21 రావాలి. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ విషయంలో 2025 నుంచి పట్టు బిగిసింది కాబట్టి, ఫీజు కట్టేముందే మీ రాష్ట్రం లైసెన్సు ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఇక బ్రేకుల దగ్గరికి వద్దాం. ఎంసెట్ రోజుల నుంచి మనకు బట్టీ బాగా అలవాటు. రాతపరీక్ష దానితో గట్టెక్కుతుంది. బండి దగ్గర మాత్రం ఒక మెట్టు మరిచిపోతే మిగతావన్నీ కలగాపులగమైపోతాయి. అందుకని ముందు ఒక్క సంగతి ఒంటబట్టించుకోండి. ట్రక్కు పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది గాలి కాదు, బలమైన స్ప్రింగు. గాలి చేసేదల్లా ఆ స్ప్రింగును వెనక్కి అదిమిపెట్టడమే. ట్యాంకుల్లో గాలి పోతే స్ప్రింగు విడిపోయి చక్రాలను పట్టేస్తుంది. ఇది తెలిస్తే తనిఖీలో ప్రతి మెట్టూ ఎందుకో దానంతటదే బోధపడుతుంది.

చక్రాల కింద చెక్కలు పెట్టండి. ఇంజను నడిపి గాలి పూర్తిగా నిండనివ్వండి. తర్వాత ఇంజను ఆపి, తాళం మళ్ళీ ‘ఆన్’లోకి తిప్పండి. చాలామంది తడబడేది ఇక్కడే. తాళం ఆన్‌లో లేకపోతే ముందుముందు గాలి తగ్గినప్పుడు హెచ్చరించే బజరు మోగదు. పసుపు నాబ్ (పార్కింగ్ బ్రేకు), ఎర్ర నాబ్ (ట్రెయిలరు గాలి) రెండూ లోపలికి నొక్కి, పెడల్‌ను గట్టిగా తొక్కండి, గేజీలో ముల్లు కుదురుకున్నాక ఒక నిమిషం అలాగే పట్టుకోండి. ఆ నిమిషంలో విడి ట్రక్కుకు 3 పీఎస్‌ఐ, ట్రెయిలరు తగిలించిన బండికి 4 పీఎస్‌ఐ కంటే ఎక్కువ తగ్గకూడదు. తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టే.

ఆ తర్వాత పెడల్‌ను వరసగా తొక్కుతూ వదులుతూ గాలి దించాలి. 55కు దిగేలోపే హెచ్చరిక రావాలి. పాత మాన్యువళ్ళలో 60 అని కనిపిస్తుంది, మీ రాష్ట్రం మాన్యువల్ ఏది చెబితే అదే పట్టుకోండి. ఇంకా తొక్కితే 20 నుంచి 45 మధ్య నాబ్‌లు టప్పుమని బయటికి వచ్చేస్తాయి. స్ప్రింగు తన పని చేసిందన్నమాట.

చేసిన ప్రతిదీ పైకి చెప్పాలి, అదీ ఇంగ్లీషులో. నడిపే పరీక్షలో దుబాసీని ఒప్పుకోరు. నా సలహా ఏమిటంటే, ముందు తెలుగులో ఎవరికైనా విడమరిచి చెప్పండి. మీ ఆవిడో, మీ ఆయనో ‘అయితే గాలి మొత్తం పోతే బండి ఆగిపోతుందా?’ అని అడిగినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, ఆ తర్వాత ఇంగ్లీషు వాక్యాలు కూర్చుకోవడం కష్టం కాదు.

బండి కింద చూడాల్సినవాటిలో బ్రేకు వదులును సరిచేసే స్లాక్ అడ్జస్టరు ముఖ్యం. పార్కింగ్ బ్రేకు వదిలి, చేత్తో గట్టిగా లాగితే పుష్ రాడ్డు దగ్గర అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. ఆటోమేటిక్‌ది వదులైతే మీరే బిగించేసి ఊరుకోకండి, లోపల ఇంకేదో పాడైందని దానర్థం. మెకానిక్‌కు చెప్పాలి.

మన దగ్గర లారీ బయల్దేరేముందు క్లీనరు రాడ్డుతో టైర్లు కొట్టి చప్పుడు వింటాడు. అక్కడ క్లీనరు ఉండడు, ఆ పనీ మీదే. లైసెన్సు చేతికొచ్చినా తనిఖీ తప్పదు. బండి భద్రంగా ఉందని నమ్మకం కుదిరాకే కదిలించాలని ఫెడరల్ నిబంధన. దారిలో ఇన్‌స్పెక్టరు ఆపి బ్రేకుల్లో పెద్ద లోపం పట్టుకుంటే, బాగుచేసేదాకా బండి అక్కడే ఉండిపోతుంది.

ఎయిర్ బ్రేకులు కష్టమని ఆ పేపరు వదిలేయడం, లేదా ఆ బ్రేకులు లేని బండితో పరీక్షకు వెళ్ళడం వద్దు. లైసెన్సు మీద ‘ఎల్’ అని ఆంక్ష పడుతుంది, ఇక ఎయిర్ బ్రేకుల బండి ముట్టకూడదు. పెద్ద ట్రక్కులు దాదాపు అన్నీ అవే. స్కూలు ఎంచుకునేటప్పుడు కూడా ఫీజు ఒక్కటే అడగకండి. బ్రేకు తనిఖీ నేర్పేటప్పుడు విద్యార్థిని సీట్లో కూర్చోబెట్టి చేయిస్తారా, లేక పదిమందిని బండి పక్కన నిలబెట్టి చూపిస్తారా అన్నది కూడా అడగండి.