దడ ఒకటే, భయాలు రెండు



ప్యానిక్ అటాక్ అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చి, కొద్ది నిమిషాల్లోనే పతాక స్థాయికి చేరే తీవ్రమైన భయం. గుండె దడదడలాడుతుంది, చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, ఊపిరి అందదు, గొంతు పట్టేసినట్టవుతుంది. ఛాతీలో నొప్పి, కడుపులో తిప్పడం, కళ్లు తిరగడం, వేళ్ల కొసల్లో తిమ్మిరి కూడా ఉండొచ్చు. చుట్టూ కనిపిస్తున్నది నిజం కాదేమోనని, తన ఒంట్లో తాను లేనేమోనని అనిపిస్తుంది. వీటికి తోడు చచ్చిపోతానన్న భయం, పిచ్చెక్కుతుందన్న భయం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఇలాంటి లక్షణాలు 13 చెప్పి, వాటిలో కనీసం 4 కలిసి వస్తే దాన్ని ప్యానిక్ అటాక్‌గా గుర్తించమంటుంది. చాలాసార్లు అరగంటలోపే అది దిగిపోతుంది. ఒళ్లు మాత్రం ఆ పూటంతా పిండేసినట్టు ఉంటుంది.

ఒకటి రెండుసార్లు వచ్చి, మళ్లీ తొంగిచూడని అటాక్‌ను జబ్బు అనరు. పరీక్షల ముందు, చావు కబురు విన్నాక, మితిమీరి కాఫీ తాగిన రాత్రి ఎవరికైనా రావచ్చు. అటాక్ పోయాక వెనక మిగిలే భయమే జబ్బుకు మొదలు. ఆ భయం ఎటు తిరిగిందన్నదాన్ని బట్టి ప్యానిక్ డిజార్డర్, సోషల్ ఫోబియా వేరవుతాయి. చికిత్సలో చాలా పొరపాట్లు ఈ తేడా అడగకపోవడం వల్లే జరుగుతాయి.

ప్యానిక్ డిజార్డర్‌లో మనిషికి భయం తన ఒంటితోనే. గుండె ఆగిపోతుందేమో, ఊపిరాడక పోతానేమో, తెలివి తప్పుతుందేమో అన్న భయం. అటాక్ కారణం లేకుండానే వస్తుంది: టీవీ చూస్తుంటే వస్తుంది, గాఢనిద్రలోంచి కూడా లేపి కూర్చోబెడుతుంది. ఆ తరువాత నెల రోజులో అంతకంటే ఎక్కువో ‘మళ్లీ వస్తుందేమో’ అన్న ఆలోచన వెంటాడుతుంది, లేదా దాన్ని తప్పించుకోవడానికి అలవాట్లు మారిపోతాయి. ఆర్టీసీ బస్సులో తలుపు పక్క సీటే కావాలి, సినిమా హాల్లో చివరి కుర్చీయే కావాలి, జేబులో ఎప్పుడూ ఒక మాత్ర ఉండాలి. పెళ్లికి పిలిస్తే ముందు ఆ ఊళ్లో ఆస్పత్రి ఉందా అని వాకబు చేస్తారు. ముదిరితే తోడు లేకుండా ఇల్లు కదలరు. ఆ స్థితికి అగోరాఫోబియా అని పేరు. ఈ జబ్బు ఎక్కువగా ఇరవైల్లో మొదలవుతుంది, ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు.

సోషల్ ఫోబియాలో భయం ఎదుటివాళ్ల చూపుతో. వైవాలో గొంతు పెగలదు, సెమినార్ రోజున జ్వరం వచ్చిందని సెలవు పెట్టేస్తారు, బ్యాంకులో క్లర్కు చూస్తుండగా సంతకం చేయాలంటే చెయ్యి వణుకుతుంది, బంతిలో కూర్చుని పది మందిలో తినలేరు, ఫోన్ మోగితే ఇంకెవరైనా ఎత్తాలని చూస్తారు. వీళ్లకూ అచ్చమైన ప్యానిక్ అటాక్ వస్తుంది. కానీ ఉత్తపుణ్యానికి రాదు. నలుగురి కళ్లు తన మీద పడినప్పుడో, పడబోతున్నాయని తెలిసినప్పుడో వస్తుంది. ముఖం ఎర్రబడటం, మాట తడబడటం, వణుకు ఎక్కువ. చచ్చిపోతానన్న భయం కంటే పరువు పోతుందన్న భయం ఎక్కువ. సాధారణంగా పదమూడు పద్నాలుగేళ్ల ప్రాయంలోనే మొదలవుతుంది. అందుకే ఇంట్లో దాన్ని జబ్బుగా గుర్తించరు. ఆడపిల్లయితే ‘బుద్ధిమంతురాలు, నోట్లో నాలుక లేదు’ అని మెచ్చుకుంటారు కూడా. బిడియం ఉన్న పిల్ల కొత్తవాళ్ల దగ్గర కాసేపు నలిగి తరువాత కలిసిపోతుంది. సోషల్ ఫోబియా ఉన్న పిల్ల చదువును, ఉద్యోగాన్ని, స్నేహాలను కత్తిరించుకుంటూ పోతుంది. ఆరు నెలలకు మించి ఇలా సాగితే అది స్వభావమని సరిపెట్టుకోకూడదు.

రెండింటినీ విడదీయడానికి ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు. అటాక్ వచ్చినప్పుడు ఏమవుతుందని భయం వేసింది, పక్కన మనిషి ఉంటే ధైర్యంగా ఉంటుందా లేక ఇంకా బెరుకా, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎప్పుడైనా వచ్చిందా అని అడిగితే చాలావరకు తేలిపోతుంది. సంతకు వెళ్లమంటే ఇద్దరూ వెళ్లరు. ఒకరు గుంపులోంచి బయటపడలేనేమోనని, ఇంకొకరు కొట్టువాడితో బేరమాడాలని. అయితే రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండటం అరుదేమీ కాదు. ఏళ్లు గడిస్తే వాటి మీద డిప్రెషన్, తాగుడు వచ్చి చేరతాయి. చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడగడం వైద్యంలో భాగమే.

ఈ విభజన వెనక కొంత చరిత్ర ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు గుండెదడ, ఛాతీ నొప్పి అంటూ వస్తే, గుండెలో లోపమేదీ దొరకని ఆ బాధను జాకబ్ డకోస్టా 1871లో వర్ణించాడు. అసలు మలుపు న్యూయార్క్‌లోని హిల్‌సైడ్ ఆస్పత్రిలో వచ్చింది. చచ్చిపోతున్నానంటూ మాటిమాటికీ నర్సుల గదికి పరిగెత్తే రోగులకు డొనాల్డ్ క్లైన్ ఇమిప్రమిన్ అనే కొత్త మందు ఇచ్చి చూశాడు. కొన్ని వారాలకు ఆ పరుగులు ఆగాయి. ఆ సంగతి మొదట కనిపెట్టింది నర్సులు. రోగులు మాత్రం తమకేమీ గుణం కనిపించలేదనే అన్నారు, ఎందుకంటే ‘వస్తుందేమో’ అన్న దిగులు అలాగే ఉంది. అటాక్ వేరు, దాని కోసం ఎదురుచూసే ఆందోళన వేరు అని క్లైన్ 1964లో రాసిన వ్యాసం ప్యానిక్ డిజార్డర్‌కు పునాది అయింది. లండన్‌లో ఐజాక్ మార్క్స్, మైఖేల్ గెల్డర్ 1966లో ఫోబియాలను అవి మొదలయ్యే వయసును బట్టి వేరుచేసి చూపారు. 1980లో వచ్చిన అమెరికన్ మానసిక జబ్బుల వర్గీకరణ మూడో కూర్పులో ప్యానిక్ డిజార్డర్, సోషల్ ఫోబియా రెండూ విడివిడి జబ్బులుగా చోటు సంపాదించుకున్నాయి.

అటాక్‌లో ఒంట్లో జరిగేది ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటే. అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి జోరందుకుంటుంది. పరిగెత్తాల్సిన పని లేకుండా అంత ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త బిగుసుకుంటాయి. కళ్లు తిరగడం, తిమ్మిర్లు, లోకం అవాస్తవంగా తోచడం అక్కడి నుంచే. ఇంకా గాలి కావాలని మనిషి ఇంకా గట్టిగా పీలుస్తాడు, దాంతో బాధ ఇంకా పెరుగుతుంది. డేవిడ్ క్లార్క్ 1986లో చెప్పిన సిద్ధాంతం ఈ వలయాన్ని ఇంకొంచెం విప్పింది. దడ హానికరం కాదు, ‘ఇది గుండెపోటు’ అని దాన్ని తప్పుగా చదవడం అసలు చిక్కు. తప్పుగా చదివితే భయం, భయంతో దడ, ఆ దడతో మరింత భయం. ప్యానిక్‌లో స్పృహ తప్పి పడిపోవడం అరుదు, ఎందుకంటే మూర్ఛపోవాలంటే రక్తపోటు పడిపోవాలి, ఇక్కడ అది పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియడంతోనే సగం తేరుకునేవాళ్లు ఉంటారు.

మొదటిసారి ఛాతీ నొప్పి వచ్చినప్పుడు దాన్ని ప్యానిక్ అని ఇంట్లో తీర్పు చెప్పడం ప్రమాదం. నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినవాళ్లు వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఈసీజీ, థైరాయిడ్, రక్తంలో చక్కెర, రక్తహీనత ఒకసారి చూడాలి. గుండె లయ తప్పే జబ్బులు, ఉబ్బసం, తాగుడు హఠాత్తుగా మానడం కూడా ఇలాగే కనిపిస్తాయి. ఆ పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక మళ్లీ మళ్లీ పరీక్షలు చేయించడం మాత్రం జబ్బును పెంచడమే. తెలుగునాట ఈ రోగి దారి సాధారణంగా గ్యాస్ మాత్రతో మొదలై, గుండె డాక్టరు, నరాల డాక్టరు, తాయెత్తు మీదుగా సాగి, ఏళ్ల తరువాత సైకియాట్రిస్టు దగ్గర తేలుతుంది. ‘నీకేం లేదు పో’ అన్న మాట అందరూ అంటారు. ఆ మాట అబద్ధం: ఉంది, గుండెలో లేదు, అంతే.

చికిత్సలో మొదట చెప్పుకోవలసింది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ప్యానిక్ డిజార్డర్‌కు అందులో ప్రాణం భయపెట్టే శరీర సంకేతాలను కావాలని తెచ్చుకోవడం. థెరపిస్టు సమక్షంలో ఒక నిమిషం గబగబా ఊపిరి పీల్చడం, తిరిగే కుర్చీలో గిర్రున తిరగడం, సన్నని స్ట్రా గుండా గాలి పీల్చడం, నిలుచున్నచోటే పరిగెత్తడం చేయిస్తారు. అదే దడ, అదే తల తిరుగుడు వస్తాయి, వాటంతటవే పోతాయి. పది సార్లు అలా జరిగాక మెదడు కొత్త సంగతి నేర్చుకుంటుంది. ఆ తరువాత మానేసిన చోట్లకు మెట్టు మెట్టుగా వెళ్లాలి: ముందు తోడుతో రెండు స్టాపుల బస్సు ప్రయాణం, తరువాత ఒంటరిగా, చివరకు జేబులో మాత్ర లేకుండా. గుండె జబ్బు, ఉబ్బసం, ఫిట్స్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఈ కసరత్తులు డాక్టరు ఒప్పుకున్నాకే. అటాక్ మధ్యలో కాగితపు సంచిలోకి ఊపిరి వదలమనే పాత చిట్కా ప్రమాదకరం, దాన్ని మానాలి.

సోషల్ ఫోబియాకు ఈ కసరత్తులు సరిపోవు. క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో గుర్తించిన విషయం ఇది: ఇలాంటి మనిషి పది మందిలో ఉన్నప్పుడు ఎదుటివాళ్లను చూడడు, తనను తానే చూసుకుంటూ ఉంటాడు. చెయ్యి వణుకుతోందా, చెమట కనిపిస్తోందా అన్నదే ధ్యాస. వణుకు దాచడానికి గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం, తప్పు రాకుండా వాక్యాన్ని ముందే మనసులో వల్లించుకోవడం, చూపు కలపకపోవడం వంటి తప్పించుకునే ఎత్తులు భయాన్ని బతికిస్తాయి. థెరపీలో వాటిని ఒక్కొక్కటే వదిలించి, ధ్యాసను బయటికి మళ్లిస్తారు. మాట్లాడుతుండగా వీడియో తీసి చూపిస్తే, లోపల అనిపించినంత ఘోరంగా బయట కనిపించలేదని రోగి తానే గుర్తిస్తాడు. కావాలని చిన్న తప్పు చేసి ఏమవుతుందో చూడటం ఇంకో మెట్టు: కొట్లో డబ్బులు తప్పుగా లెక్కపెట్టడం, క్లాసులో తేలిక ప్రశ్న అడగడం. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2013లో విడుదల చేసిన మార్గదర్శకాలు పెద్దవాళ్ల సోషల్ ఫోబియాకు మొదటి చికిత్సగా సూచించింది మందును కాదు, వ్యక్తిగతంగా ఇచ్చే ఈ థెరపీనే.

థెరపీ దొరకని చోట, జబ్బు ముదిరినప్పుడు, డిప్రెషన్ తోడైనప్పుడు మందులు కావాలి. రెండు జబ్బులకూ ముందు వాడేవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం: సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పారాక్సెటిన్ వంటివి. వెన్లాఫాక్సిన్ కూడా పనిచేస్తుంది. ప్యానిక్ రోగికి సగం మోతాదుతో మొదలుపెట్టడం మంచి వైద్యుడి గుర్తు, ఎందుకంటే తొలి వారంలో ఈ మందులే కాస్త అలజడి పెంచుతాయి. ముందుగా చెప్పకపోతే రోగి మూడో రోజునే మాత్రలు పారేస్తాడు. ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లను మొదటి వారాల్లో మరింత గమనించాలి. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు, సోషల్ ఫోబియాలో ఒక్కోసారి పన్నెండు వారాలు పడుతుంది.

అల్ప్రాజోలమ్, క్లోనజెపామ్ అనే మందులు అరగంటలో హాయినిస్తాయి. చిక్కు అక్కడే. వాటిని కొద్ది వారాలకు మించి రోజూ వాడితే అలవాటు పడే ప్రమాదం ఉంది. పైగా ‘మాత్ర వల్లే బతికాను’ అన్న నమ్మకం థెరపీ నేర్పే పాఠాన్ని చెరిపేస్తుంది. అల్ప్రాజోలమ్‌ను హఠాత్తుగా ఆపితే ఏమవుతుందో తెలంగాణకు చేదుగా తెలుసు. 2015లో అధికారులు అల్ప్రాజోలమ్ కలిపిన కల్తీ కల్లును అడ్డుకున్నప్పుడు, వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో జనం హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి, జిల్లా ఆస్పత్రులకు బారులు తీరారు. ప్రొప్రనోలాల్ అనే మందు సంగతి వేరు. వేదిక ఎక్కబోయే ముందు చేతి వణుకు, దడ తగ్గించడానికి అప్పుడప్పుడూ పనికొస్తుంది. అంతకు మించిన సోషల్ ఫోబియాకు గానీ, ప్యానిక్ డిజార్డర్‌కు గానీ దాని ప్రయోజనం తక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్లు వాడకూడదు.

మందా థెరపీయా అన్న ప్రశ్నకు డేవిడ్ బార్లో బృందం 312 మంది ప్యానిక్ రోగులపై చేసి 2000లో ప్రచురించిన అధ్యయనం కొంత జవాబు చెప్పింది. చికిత్స సాగినంత కాలం ఇమిప్రమిన్, థెరపీ రెండూ పనిచేశాయి. అన్నీ ఆపేసి ఆరు నెలల తరువాత చూస్తే, మందు లేకుండా థెరపీ పొందినవాళ్లే ఎక్కువగా నిలబడ్డారు.

ఇంట్లోవాళ్ల ప్రేమ ఇక్కడ అడ్డం తిరుగుతుంది. ప్రతిచోటికీ తోడు వెళ్లడం, బదులుగా ఫోన్ మాట్లాడటం, హోటల్లో వాళ్ల తరఫున ఆర్డర్ చెప్పడం జబ్బుకు పాలు పోయడమే. ఒక్కసారిగా మానేస్తే అది మొండితనం. థెరపీ మెట్లతో పాటు కొంచెం కొంచెంగా వెనక్కి జరగాలి. దగ్గర్లో సైకియాట్రిస్టు లేనివాళ్లు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. విశాఖ, ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఔట్ పేషెంటుగా చూపించుకోవచ్చు.

గుణం కనిపించాక మందును ఇంకో ఆరు నెలలు, వీలైతే ఏడాది కొనసాగిస్తారు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పిన ప్రకారం వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. ఒక్కరోజులో ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు వస్తాయి. రోగి వాటిని జబ్బు తిరిగొచ్చిందని పొరబడతాడు. మందు ఆపిన కొద్ది రోజుల్లోనే మొదలై, రెండు మూడు వారాల్లో తగ్గితే అది సాధారణంగా మందు మానిన ప్రభావం. కొన్ని వారాల తరువాత మెల్లగా మొదలై, మళ్లీ తలుపు పక్క సీటు వెతికించేది అయితే, థెరపిస్టును తిరిగి కలవాలి.