విదురుని సొరంగం

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటిలో భద్రపరచుకొన్న సమాచారాన్ని దూరప్రాంతం నుండి అందుకోవడం నేడు సామాన్య కుటుంబాలకు సైతం సాధ్యమైంది. ఆ సౌకర్యం వెంట వచ్చే ప్రమాదాన్ని, దానిని నివారించే మార్గాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

విజయనగరం కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. నాలుగు మూలలా నాలుగు బురుజులు, చుట్టూ అగడ్త, రాకపోకలకు సింహద్వారాలు, ఇదీ దాని నిర్మాణం. గోడ ఎంత దృఢమైనదైనా శత్రువు కన్ను మొదట పడేది ద్వారం మీదనే. ద్వారమే లేకపోతే కోట చెరసాల అవుతుంది. కాపలా లేని ద్వారం ఉంటే కోట సంతబయలు అవుతుంది. తనవారు రావాలి, పరులు రాకూడదు. నాడు కోటకు ఏర్పడిన ఈ చిక్కే నేడు సామాన్య గృహస్థు ముంగిటికీ వచ్చింది.

విజయనగరానికి విద్యల నగరమని పేరు. 1919లో ఇక్కడ స్థాపించిన సంగీత పాఠశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు. ఆయన అనంతరం 1936లో ద్వారం వేంకటస్వామినాయుడు ఆ బాధ్యతను స్వీకరించారు. ఇటువంటి ఊరిలో తాతల నాటి స్వరలిపి పుస్తకాలనూ, కచేరీల టేపులనూ దాచుకొన్న ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. టేపులలోని పాటను, కాగితాల మీది రాతను, భూమి దస్తావేజులను ఆ ఇంటివారు కంప్యూటరులోకి ఎక్కించారు. రాత్రింబవళ్ళు పనిచేసే ఒక చిన్న కంప్యూటరును ఇంటిలో ఒక మూల ఉంచి, వీటినన్నింటినీ అందులో భద్రపరచారు. అడిగినవారికి అడిగిన ఫైలును అందించే ఇటువంటి యంత్రాన్ని సర్వర్ అంటారు. ఇంటిలోని ఏ ఫోను నుండైనా, ఏ కంప్యూటరు నుండైనా అందులోని ఫోల్డర్లను తెరవవచ్చు. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతికి ఎస్.ఎం.బి. అని పేరు. 1980వ దశకంలో ఐ.బి.ఎం. సంస్థలో పుట్టిన ఈ పద్ధతి, ఒకే కప్పు కింద ఒకరినొకరు నమ్మి పనిచేసేవారి అవసరం కోసం ఏర్పడింది.

ఆ ఇంటి ఆడపడుచు దేశాంతరంలో, అమెరికాలోని డాలస్ నగరంలో ఉన్నది. తాతగారి పాట వినాలని ఆమె కోరిక. పొలం తగాదాలో ఏదో ఒక దస్తావేజు అత్యవసరంగా కావలసి రావచ్చు కూడా. విజయనగరంలోని ఆ మూలగదిలోకి ఆమె ఎలా రావాలి?

తేలికగా తోచే మార్గం ఒకటి ఉన్నది. ఇంటిని ఇంటర్నెట్‌తో కలిపే రూటర్ అనే పెట్టె ద్వారపాలకుని వంటిది. లోపలివారు కోరి తెప్పించుకొన్న సమాచారాన్ని అది రానిస్తుంది. పిలవని పేరంటంగా వచ్చినదానిని వాకిటిలోనే ఆపుతుంది. సర్వరులో ఒక్కొక్క సేవకు ఒక్కొక్క పోర్టు సంఖ్య ఉంటుంది. ఫైళ్ళ పంపకానికి 445 వాడుకలో ఉన్నది. ఆ సంఖ్యపై వచ్చిన వారందరినీ లోపలికి పంపమని రూటరుకు చెబితే ఆడపడుచు రాగలదు. కాని ఆమె వచ్చిన దారిలోనే లోకమంతా రాగలదు. ఇంటర్నెట్‌లో తెరచిన వాకిళ్ళను వెదకడమే పనిగా పెట్టుకొన్న యంత్రాలు అహోరాత్రాలు తిరుగుతూ ఉంటాయి. ఇల్లు చిన్నదనీ, ఊరు మారుమూలదనీ అవి విడిచిపెట్టవు.

ఇది ఉత్త భయం కాదని 2017 మే నెల నిరూపించింది. ఆ నెల 12వ తేదీన 'వానాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచం మీద విరుచుకుపడింది. అది పట్టిన కంప్యూటరులోని ఫైళ్ళన్నీ తాళం పడినట్లు మూసుకుపోయేవి. తాళం తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలని తెరమీద బెదిరింపు కనిపించేది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతబడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడినట్లు మరునాడు వార్తలు వచ్చాయి. వీటిలో చివరి రెండు జిల్లాలు విజయనగరానికి ఇరుగుపొరుగులే. ఆ ప్రోగ్రాము ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పాకిన దారి ఈ ఎస్.ఎం.బి. సేవలోని లోపమే, అది తట్టిన తలుపు ఈ 445వ సంఖ్యదే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14వ తేదీననే విరుగుడు విడుదల చేసింది. దానిని వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

మరి తలుపు తీయకుండా తనవారిని లోపలికి తెచ్చుకొనే ఉపాయం ఉన్నదా? వ్యాసభారతం ఆదిపర్వంలోని లాక్షాగృహ వృత్తాంతం ఇక్కడ స్మరణీయం. పాండవులు వారణావతానికి బయలుదేరేటప్పుడు విదురుడు నలుగురి నడుమ ఇతరులకు అర్థం కాని మ్లేచ్ఛభాషలో ధర్మరాజును హెచ్చరించాడు. తరువాత నేర్పరియైన ఒక ఖనకుని రహస్యంగా పంపాడు. శత్రువుల నడుమ ఉన్నవారు క్రొత్తవానిని ఎలా నమ్ముతారు? విదురుడు మ్లేచ్ఛభాషలో మాట్లాడిన సంగతిని, దానికి ధర్మరాజు ఇచ్చిన బదులును ఖనకుడు గుర్తుగా చెప్పాడు. ఆపై ఇంటి నడుమ సొరంగం తవ్వి, పురోచనుడు పసిగట్టకుండా దాని ముఖాన్ని తలుపుతో మూసి నేలతో సమం చేశాడు.

ఈ కథలో మూడు రక్షణలు ఉన్నాయి. మాట విన్నా ఇతరులకు అర్థం కాకపోవడం మొదటిది. వచ్చినవాడు తనవాడేనని రుజువు కావడం రెండవది. ద్వారమున్నదన్న సంగతే పరులకు తెలియకపోవడం మూడవది. వి.పి.ఎన్. అని వ్యవహరించే ఆంతరంగిక జాలమార్గం ఈ మూడింటినీ సాధించే ఆధునిక సొరంగం. డాలస్‌లోని ఫోనులో బయలుదేరిన ప్రతి సందేశమూ గూఢలిపిగా మారి, అందరూ నడిచే ఇంటర్నెట్ బాటలోనే ప్రయాణించి, విజయనగరంలోని ఇంట తిరిగి అసలు రూపం పొందుతుంది. నడుమ ఎవరికి చిక్కినా అది అర్థం లేని అక్షరాల గుంపు మాత్రమే. సొరంగం దాటి వచ్చిన ఆడపడుచు ఇంటిలో కూర్చున్న దానితో సమానమే. ఫోల్డర్లు ఆమెకు యథాప్రకారం కనిపిస్తాయి.

ఈ సొరంగాలలోనూ మంచి చెడ్డలు ఉన్నాయి. 1990వ దశకంలో వచ్చిన పి.పి.టి.పి. పద్ధతిలో లోపాలు బయటపడినందున దానిని నేడు వాడరాదు. 2001లో మొదలైన ఓపెన్ వి.పి.ఎన్. నేటికీ నమ్మదగినదే. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రూపొందించిన వైర్‌గార్డ్ 2020 మార్చిలో లైనక్స్ వ్యవస్థ కేంద్రభాగంలో చేరింది. ఇందులో ప్రతి పరికరానికీ రెండు తాళపుచెవులు ఉంటాయి. రహస్యమైనది ఆ పరికరాన్ని విడిచి బయటికి పోదు. బహిరంగమైనదానిని ఎదుటివారికి ఇస్తారు. ఒకదానికొకటి సరిపడితేనే గుర్తింపు. గుర్తు చెప్పలేనివాడు ఎన్నిసార్లు తట్టినా వైర్‌గార్డ్ బదులు పలకదు. అక్కడ తలుపున్నదో లేదో కూడా వానికి తెలియదు. ఖనకుడు నేలతో సమం చేసిన సొరంగ ముఖం ఇటువంటిదే.

ఆచరణలో గుర్తుంచుకోవలసిన విషయాలు ఇవి. రూటరులో సొరంగానికి కావలసిన ఏకైక పోర్టును మాత్రమే తెరవాలి. 445ను ఎన్నడూ తెరవరాదు. ఇంటిలో ప్రతి ఒక్కరి ఫోనుకూ వేరువేరు తాళపుచెవులు ఉండాలి. ఒక ఫోను పోతే దాని బహిరంగ తాళపుచెవిని సర్వరు జాబితా నుండి తొలగిస్తే చాలు, తక్కినవారికి ఇబ్బంది ఉండదు. పాట వినేవారికి చదివే అధికారమే చాలును. చెరిపే, మార్చే అధికారం ఒకరిద్దరికి పరిమితం చేయాలి. కొన్ని ఇంటర్నెట్ సంస్థలు ఒకే చిరునామాను పలు ఇళ్ళకు పంచుతాయి. అటువంటప్పుడు బయటివారికి ఇంటి దారి దొరకదు. సంస్థను ప్రత్యేక చిరునామా అడగడమో, అద్దె సర్వరును నడుమ ఉంచుకోవడమో చేయాలి. గుర్తింపు దాచిపెడతామని ప్రకటించే వాణిజ్య వి.పి.ఎన్.లు వేరు. వాటిలో సొరంగం రెండవ కొన ఆ సంస్థ చేతిలో ఉంటుంది. ఇక్కడ రెండు కొనలూ ఇంటివారివే.

సొరంగానికీ పరిమితులు ఉన్నాయి. రోగం పట్టిన కంప్యూటరు తాళపుచెవితో లోపలికి వస్తే రోగమూ వెంట వస్తుంది. కనుక రెండు కొనలలోని యంత్రాలకూ విరుగుడులు ఎప్పటికప్పుడు వేయాలి. దొంగను ఆపగల సొరంగం తుపానును ఆపలేదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ ఉత్తరాంధ్రను అంధకారంలో ముంచిన సంగతి విదితమే. అందువల్ల సర్వరులోని సమస్తానికీ ఒక ప్రతిని వేరే ఊరిలో ఉంచాలి. మరొక ప్రతిని ఏ యంత్రానికీ తగిలించకుండా బీరువాలో దాచాలి.

తాతగారి పాట ఒకసారి చెరిగిపోతే దానిని మరల పాడేవారు లేరు. దాచుకోవడం ఎంత ముఖ్యమో, దాచినదానిని తనవారికి అందించడమూ అంతే ముఖ్యం. ఈ రెండింటికీ నడుమ జాగరూకత అనే కాపలా ఉండాలి. సొరంగం తవ్వించిన తరువాత కూడా పాండవులు రాత్రివేళ ఆయుధాలు చేతబట్టే నిద్రించారని భారతం చెబుతున్నది.

కఠిన పదాలు – అర్థాలు

అగడ్త = కోట చుట్టూ ఉండే లోతైన కందకం
సింహద్వారం = ప్రధాన ద్వారం
దస్తావేజు = హక్కును తెలిపే పత్రం
లాక్షాగృహం = లక్క ఇల్లు
ఖనకుడు = నేలను తవ్వేవాడు
గూఢలిపి = తెలిసినవారికి మాత్రమే అర్థమయ్యే రాత
విదితం = తెలిసినది
జాగరూకత = మెలకువ, అప్రమత్తత

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. లాక్షాగృహ వృత్తాంతంలోని మూడు రక్షణలను వి.పి.ఎన్. పనితీరుతో సమన్వయించి వివరించండి.
2. ఇంటి సర్వరును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవడం వల్ల కలిగే ప్రమాదాన్ని 2017 నాటి సంఘటన ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. రహస్య, బహిరంగ తాళపుచెవుల ప్రయోజనమేమి?
2. వాణిజ్య వి.పి.ఎన్.కు, ఇంటి వి.పి.ఎన్.కు గల భేదమేమి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. వైర్‌గార్డ్ రూపకర్త ఎవరు?
2. ఖనకుడు సొరంగ ముఖాన్ని ఏ విధంగా మరుగుపరచాడు?

ఈ) సంధులు
దేశాంతరం = దేశ + అంతరం (సవర్ణదీర్ఘ సంధి)
అత్యవసరం = అతి + అవసరం (యణాదేశ సంధి)
ఏకైక = ఏక + ఏక (వృద్ధి సంధి)