నిప్పులో నిలిచే రాత

తణుకు ప్రాంతం చెరకుకు, పంచదారకు పేరొందినది. దేశానికి స్వాతంత్ర్యం సిద్ధించిన 1947లోనే ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ ఇక్కడ ఆంధ్రా షుగర్స్ సంస్థను నెలకొల్పారు. పంచదారతో మొదలైన ఆ ప్రస్థానం క్రమంగా రసాయనాల వైపు సాగింది. ఇస్రో రాకెట్లలోని వికాస్ ఇంజనుకు కావలసిన యు.డి.ఎం.హెచ్. అనే ద్రవ ఇంధనం తణుకులో తయారైంది. చెరకు రసం కాచిన ఊరే రాకెట్టుకు ఇంధనం అందించడం ముచ్చటైన విషయమే. అయితే చెరకు పిప్పి మండే బాయిలరుకూ, సుమారు మూడు వేల డిగ్రీలకు వేడెక్కే రాకెట్ దహన గదికీ ఉమ్మడి సమస్య ఒకటి ఉంది. వేడిని కొలవబోయిన పరికరమే ఆ వేడికి ఆహుతి అయితే వార్త తెచ్చేదెవరు?

వేడి ఎంత అన్న ప్రశ్నతోపాటు ఎక్కడ అన్న ప్రశ్న కూడా ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో ఒక ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడింది. నిద్రలో ఉన్న పరిసర గ్రామాలను కమ్ముకొన్న ఆ ఆవిరికి పన్నెండు మంది బలయ్యారు. స్టైరీన్ అణువులు తమలో తాము గొలుసులుగా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి చర్యను మరింత త్వరపరుస్తుంది. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలుస్తున్నారనీ, మధ్య, పై పొరలలో కొలిచే ఏర్పాటు లేదనీ ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది. అడుగున చల్లగా ఉన్నది, పైన మరుగుతున్నది. ఉష్ణమాపకం తానున్న చోటి సంగతి నిజాయితీగానే చెప్పింది. పైన సాధారణమైన ఉష్ణమాపకాలు రెండు మూడు అమర్చినా ప్రమాదం ముందుగా తెలిసి ఉండేదని నా అభిప్రాయం.

ఎక్కువ చోట్ల కొలవాలంటే చోటుకొక తీగ కావాలి. రెండు లోహాల తీగలను కలిపి చేసే ఉష్ణయుగ్మం, అనగా థర్మోకపుల్, నేటికీ కర్మాగారాలలో విరివిగా వాడబడుతున్నది. కాని దానిలో ప్రవహించేది విద్యుత్తు. చుట్టూ ఉన్న మోటార్ల ప్రభావం దానిపై పడవచ్చు. మండే ఆవిరి ఉన్నచోట విద్యుత్ పరికరాలతో నిప్పురవ్వ భయం ఉండనే ఉన్నది. ఈ ఇబ్బందులు లేని వార్తాహరి దృశా తంతువు. వెంట్రుకంత సన్నని గాజు పోగు అది. సంపూర్ణాంతర పరావర్తనం వల్ల కాంతి దానిలో చిక్కుకొని ప్రయాణిస్తుందని మీరు భౌతికశాస్త్రంలో చదువుకొనే ఉంటారు.

ఈ పోగులో రాత రాయవచ్చునని 1978లో కెనడాలోని అట్టావాలో కెన్నెత్ హిల్, ఆయన సహచరులు కనుగొన్నారు. జెర్మేనియం కలిసిన గాజు పోగులోకి లేజర్ కాంతిని పంపగా, కొద్ది నిమిషాలలో తిరిగివచ్చే కాంతి క్రమంగా పెరిగింది. కాంతి తన తరంగాల ముద్రను గాజులోనే వేసింది. 1989 నాటికి అతినీలలోహిత కిరణాలతో పక్క నుండి ఈ ముద్ర వేసే పద్ధతి వచ్చింది. సెంటీమీటరు పొడవులో సుమారు ఇరవై వేల గీతలు! ఇవి ఉలితో చెక్కినవి కావు; గీత ఉన్నచోట గాజు వక్రీభవన గుణకం రవంత మారుతుంది, అంతే. రాగిరేకు శాసనంలో అక్షరాన్ని వేలితో తడిమి చూడవచ్చు. ఈ శాసనాన్ని కాంతి మాత్రమే చదవగలదు.

దీనిని బ్రాగ్ గ్రేటింగ్ అంటారు. స్ఫటికాలలో ఎక్స్‌ కిరణాల పరావర్తన సూత్రాన్ని 1912లో తెలిపిన లారెన్స్ బ్రాగ్ పేరు దీనికి వచ్చింది. గీతల మధ్య దూరానికి సరిపడే ఒక్క తరంగదైర్ఘ్యాన్ని మాత్రమే ఇది వెనుకకు పంపి, మిగిలిన కాంతిని ముందుకు పోనిస్తుంది. వేడెక్కితే గాజు గుణకం మారి, తిరిగివచ్చే తరంగదైర్ఘ్యం కొంచెం పెరుగుతుంది. నూరు డిగ్రీలకు పెరుగుదల సుమారు ఒక నానోమీటరు. ఆ పెరుగుదలే ఉష్ణోగ్రత లెక్క. ఒకే పోగుపై వేరువేరు దూరాల గీతలతో అనేక గ్రేటింగులు వ్రాస్తే, ఏ చోటి వార్త ఆ చోటు పేరుతో వస్తుంది. ట్యాంకు అడుగు నుండి పైదాకా ఒక్క పోగు చాలు. వరంగల్ ఎన్.ఐ.టి. భౌతికశాస్త్ర విభాగంలోనూ ఇటువంటి తంతు సంవేదకాలపై పరిశోధనలు జరిగాయి.

చిక్కు మరొకటి ఉంది. కొన్ని వందల డిగ్రీలు దాటితే సాధారణమైన గ్రేటింగు మాసిపోసాగుతుంది. గాజు కరగదు, రాత చెరిగిపోతుంది. దీనికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయం ఆశ్చర్యకరమైనది. హైడ్రోజన్ పట్టించిన పోగులో గ్రేటింగు వ్రాసి, దానిని సుమారు తొమ్మిది వందల డిగ్రీల వద్ద ఉంచుతారు. మొదటి రాత పూర్తిగా చెరిగిపోతుంది. కొంతసేపటికి అదే చోట, అవే దూరాలలో, కొత్త రాత మెల్లగా తేలుతుంది. పునర్జనిత గ్రేటింగు అనే ఈ రెండవ రాత వెయ్యి డిగ్రీలు దాటినా నిలుస్తుంది. అతి స్వల్పకాల లేజర్ స్పందనలతో గాజును లోలోపలే గాయపరచి వ్రాసే పద్ధతి మరొకటి.

రాత నిలిచినా పోగుకు కష్టాలు తప్పవు. అంత వేడికి పైపూత కాలిపోయి గాజు పెళుసవుతుంది. కనుక లోహపు గొట్టంలోనో పింగాణీ గొట్టంలోనో దాచాలి. పోగును లాగినా తరంగదైర్ఘ్యం మారుతుంది కాబట్టి, గొట్టంలో బిగించకుండా వదులుగా విడవాలి. లేకుంటే లాగుడును వేడిగా పొరబడతాం. ఇక నీలమణి స్ఫటికంతో చేసిన పోగు రెండు వేల డిగ్రీల దాకా కరగదు. తణుకు ఇంధనం మండే జ్వాల నడిమికి మాత్రం అదీ వెళ్ళలేదు; అక్కడ గోడ వేడిని కొలిచి, లోపలి వేడిని లెక్కకట్టవలసిందే.